జానెడు దూరం

వాచీ తీసి ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లాడు ఆయన. స్కానింగు గదిలోకి లోహం ఏదీ తీసుకెళ్లకూడదట. పట్టీకి మణికట్టు వెచ్చదనం ఇంకా ఉంది. ఆమె దాన్ని కాసేపు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, చివరికి ఒళ్లో ఉన్న సంచి మీద పెట్టింది. సంచిలో ప్యాడ్లున్నాయి, ఆయన సాధనకి గుద్దులు విసిరితే ఆమె చేతులకి తొడుక్కుని కాచే తోలు దిండ్లు. ఆస్పత్రికి ప్యాడ్లెందుకు తెచ్చినట్టు? కావాలని తేలేదు, నిన్న సాయంత్రం బాక్సింగు పోటీ అయిన దగ్గర్నుంచి సంచి భుజం దిగలేదు, అంతే. తలుపు మీద ఎర్ర బల్బు వెలిగింది. ఎంతసేపు పడుతుందమ్మా అని అడిగితే తెల్ల కోటు అమ్మాయి, తలకి కదండీ, లోపల ఇంకొకరు కూడా ఉన్నారు, కంగారేం లేదు కూర్చోండి అంది. కంగారేం లేదనే మాటని ఆస్పత్రిలో అందరూ ఒకే గొంతుతో అంటారు, మంచి దర్జీ అంచు మడిచి కుట్టినట్టు, పైకి ఎక్కడా దారం కనపడకుండా. ఆమె కూడా దర్జీయే. దారం కనపడకుండా కుట్టడం ఆమెకి తెలిసినంతగా ఈ అమ్మాయికేం తెలుస్తుంది? కూర్చుంది. కుర్చీలు నాలుగు కలిపి ఒకే ఇనప కమ్మీకి బిగించారు, ఒకరు కదిలితే నలుగురూ ఊగాలి. నేల తుడిచేవాడు ఆమె కాళ్ల దాకా వచ్చి ఆగాడు, కాళ్లెత్తింది, మందునీళ్ల వాసన కింద నుంచి పోయింది. ప్యాడ్ల వాసన మాత్రం సంచిలోంచి వస్తూనే ఉంది, తోలు, చెమట, ఆయన చేతులకి రాసుకునే నూనె. ఇన్నేళ్లుగా ఆమెకి ఇంటి వాసన అదే.

ఎదురు వరసలో ఇద్దరున్నారు. ఒకడికి చెయ్యి విరిగినట్టుంది, కట్టు కట్టి మెడకి వేలాడదీశారు. రెండోవాడు అతని బావమరిది, బావా బావా అంటూ ఫోను అతని మొహం దగ్గరికి తోస్తున్నాడు కాబట్టి తెలిసింది. ఫోనులోంచి గంట మోగింది. అది నిన్నటి పోటీలో గంట. ఆమె తలెత్తలేదు, సంచి జిప్పు పళ్లు లెక్కపెడుతున్నదానిలా దాన్నే చూస్తూ కూర్చుంది. ముప్పై పైచిలుకు గెలిచాడటరా ఈ ముసలాడు, నిన్న ఒక్కటంటే ఒక్క రౌండు కూడా రాలేదు, అంటున్నాడు బావ. ఎవరి మీద గెలిచాడో అది అడగాలి బావా, అంటున్నాడు బావమరిది, రోడ్డు మీద పోయేవాళ్లని పట్టుకొచ్చి నిలబెట్టారు, చొక్కా విప్పగానే సగం మంది అలిసిపోయేవాళ్లు. ఇద్దరూ నవ్వారు. నవ్వితే బావకి చెయ్యి నొప్పెట్టి అమ్మా అన్నాడు. బాగా అయింది, అనుకుంది ఆమె. ముసలాడట. నలభై దాటితే ముసలాడా? నీకు మెట్లు దిగడం రాక చెయ్యి విరగ్గొట్టుకుని ఉంటావు, నీకెందుకు నా మొగుడి వయసు? కోపం వచ్చింది గానీ వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వాళ్లు అన్నదాంట్లో అబద్ధం ఉంటే కదా.

రోడ్డు మీద పోయేవాళ్లు కాదు, అంత తేలిక చెయ్యకండి. అందరికీ ఒకప్పుడు చేతుల్లో చేవ ఉండేది. ఆయన పోటీలు కుదిర్చే మేనేజరు వెతికి వెతికి తెచ్చేవాడు, మోకాలు అరిగినవాణ్ణి, ఆటో నడుపుకునేవాణ్ణి, కళ్లజోడు తీస్తే రింగు తాళ్లెక్కడున్నాయో కనపడనివాణ్ణి. పోస్టరు మీద మాత్రం అందరూ పిడికిళ్లు బిగించి పులుల్లా ఉండేవాళ్లు. బస్తాలు మోసే మనిషి ఒకడు గుర్తున్నాడు. పోటీకి ముందు వరండాలో, నడుముకి తువ్వాలు చుట్టుకుని, అక్కా సూదీ దారం ఉందా అని అడిగాడు. అరువు తెచ్చుకున్న నిక్కరు, నడుము జారిపోతోంది. ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది సూది. రెండు పక్కలా మడత వేసి బిగించి ఇస్తుంటే, గ్లవ్స్ తొడిగి ఐదారేళ్లయిందక్కా, నిన్న మధ్యాహ్నం కబురొచ్చింది, మీ ఆయన చెయ్యి బాగా బరువంట కదా అన్నాడు. దారం పళ్లతో కొరికి, తొడుక్కో బాబూ అంది. ఆ మనిషి రెండో రౌండులో పడ్డాడు. పడ్డప్పుడు ఆమె చూసింది మనిషిని కాదు, తను వేసిన కుట్టు నిలిచిందా లేదా అని. నిలిచింది. జనం ఈలలు వేశారు, మేనేజరు ఆయన చెయ్యి పైకెత్తాడు, ముప్పైకి దగ్గర పడ్డామన్నాడు. ఇంటికొచ్చాక ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండా, వాణ్ణి నేను పడగొట్టానా, వాడే పడ్డాడా అని అడిగాడు. మీరే, అంది. నిజం చెప్పు అన్నాడు. మీరేనండీ అంది. అప్పుడన్నాడు ఆ మాట. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చున్నా చెవిలో వినిపిస్తోంది. 'మేనేజరు అబద్ధమాడతాడు. జనం చప్పట్లూ అబద్ధమే. రేపు పొద్దున నువ్వు ప్యాడ్లు పట్టు, చూద్దాం. నీ ప్యాడు అబద్ధమాడదు.'

లోకం ఇవాళ అనుమానిస్తోంది, ఆయన ఎప్పుడో అనుమానించాడు. గెలిచిన ప్రతి పోటీ మర్నాడూ పెరట్లో, కొట్టు వెనక, చిరుగు బట్టలు కుక్కిన సంచీల మధ్య నిలబడి తన గెలుపుకి తానే పరీక్ష పెట్టుకునేవాడు. పరీక్ష పెట్టేది ఆమె చేతులకి. చప్పుడు బాగా వస్తే తలాడించి స్నానానికి వెళ్లేవాడు, ఆ రోజంతా హాయిగా ఉండేవాడు, చిన్న కూతుర్ని భుజాల మీద ఎక్కించుకునేవాడు. ఆ హాయి ఆమె చేతులమీదుగా వచ్చిందని ఆమెకి తెలుసు. ఎంత గర్వపడేదో. సిగ్గు లేకుండా గర్వపడేది.

ప్యాడ్లు మొదట్లో ఆయనకి బాక్సింగు నేర్పిన గురువుగారు పట్టేవారు. గురువుగారి మణికట్లు అరిగిపోయి నీళ్ల గ్లాసు కూడా ఎత్తలేని స్థితి వచ్చాక, ఇక పట్టేవాళ్లెవరన్న ప్రశ్న వచ్చినప్పుడు, నేను పడతానంది ఆమె. ఇద్దరూ నవ్వారు. నవ్వి ఊరుకోక గురువుగారు ఆమెని పెరట్లో నిలబెట్టి నేర్పారు. రోజూ సాయంత్రం, మిషను ఆపేశాక. కాళ్లెక్కడ పెట్టాలో, మోచెయ్యి ఎంత వంచాలో, మొహం ఎటు తిప్పకూడదో. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్పారు. ప్యాడు పట్టడమంటే గోడలా నిలబడటం కాదమ్మా, గోడని కొడితే చెయ్యి పోతుంది, దెబ్బ వచ్చి తగిలే క్షణంలో నువ్వు కొంచెం ఎదురెళ్లాలి, అప్పుడే చప్పుడొస్తుంది, వాడికి ధైర్యమొస్తుంది. ఎంత ఎదురెళ్లాలి మాస్టారూ? రెండు వేళ్లు. ఆ వంకరపోయిన వేళ్లు రెండూ కలిపి ఆమె కళ్లముందు పెట్టి చూపించారు. రెండు వేళ్ల మందం, అంతే. దాటావంటే వాడి చెయ్యి దూరం మర్చిపోతుంది. అప్పుడు వాడు నిన్ను తప్ప ఇంకెవర్నీ కొట్టలేడు. ఆ మాటకి కూడా నవ్వుకున్నారు ముగ్గురూ, మొగుడూ పెళ్లాల మీద వేసే మామూలు హాస్యంలా తీసుకుని.

ఆమెకి కొలతలు కొత్త కాదు. టేపు లేకపోయినా రెండు వేళ్లకీ నాలుగు వేళ్ల బెత్తెడుకీ తేడా చెప్పగలదు. కానీ కొలతల్లో మోసం కూడా ఆ పనే నేర్పింది ఆమెకి. కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది బొజ్జలు పెరిగినవాళ్లే. పెళ్లినాటి కోటు పట్టుకొచ్చి, ఉతికితే బట్ట కుంచించుకుపోయినట్టుందండీ అంటారు. కోటెక్కడైనా ఉతుకుతారా? అయినా అవునండీ ఈ బట్టలింతే అనడం, రాత్రికి కుట్టు విప్పి లోపల మడతలో దాచి ఉంచిన గుడ్డ వదిలి మళ్లీ కుట్టడం. తొడుక్కుని అద్దం ముందు తిరిగి చూసుకుని, చూశారా, నేనేం లావెక్కలేదు అని సంతోషంగా వెళ్తారు. ఒక ముసలాయన అయితే ప్రతి ఏడూ వచ్చేవాడు, ప్రతి ఏడూ కుంచించుకుపోయిందనేవాడు. ఆ కోటుకి చివరికి లోపల మడత మిగల్లేదు, అప్పుడు పక్కల్లో వేరే గుడ్డ కలిపి కుట్టి ఇచ్చింది, కనపడకుండా. పాపమేముంది? మనిషి సంతోషపడ్డాడు. బట్టకి లోపల మడత ఉంటుంది. చేతికి ఉండదు. ఈ సంగతి ఆమెకి నిన్న సాయంత్రం దాకా తట్టలేదంటే ఎవరు నమ్ముతారు?

తట్టింది. తట్టకపోవడమేమిటి? రెండేళ్ల కిందట ఆ పొద్దున్నే తట్టింది. ముసురు పట్టి ఉంది, పెరట్లో తడి. ఆయన ఎడమ చెయ్యి విసిరాడు, ఆమె రెండు వేళ్లు ఎదురెళ్లింది, చప్పుడు రాలేదు. వచ్చింది గానీ, తడి గుడ్డ గోడకి వేసి కొట్టినట్టు, చచ్చు చప్పుడు. దెబ్బ ఆలస్యంగా వచ్చింది, ఆమె చెయ్యి ముందే వెళ్లి అక్కడ వేచి ఉంది. ఆయన ఆగి తన పిడికిలి వైపు చూసుకున్నాడు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. ఆ చూపు ఆమె భరించలేకపోయింది, అంతే జరిగింది, ఇంకేమీ కాదు, ఆ చూపు ఇంకోసారి చూడకూడదనుకుంది. రెండో దెబ్బకి బెత్తెడు ఎదురెళ్లింది. ఠప్. పక్కింటి పిట్టగోడ మీద కాకి లేచిపోయింది. విన్నావా, అన్నాడాయన, మొహమంతా విప్పారి. విన్నాను, అంది. ఆ రోజు నుంచి బెత్తెడు.

బెత్తెడు ఎప్పుడు జానెడయిందో ఆమెకి తెలియదు. తెలియదనడం అబద్ధం, తెలుసు, చూడలేదు. దుకాణంలో రాత్రిళ్లు భుజం లాగేది, కత్తెర పట్టుకుంటే వేళ్లు వణికేవి, సూదిలో దారం ఎక్కించడానికి చిన్నదాన్ని పిలవాల్సి వచ్చేది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం బరువులెత్తుతున్నారమ్మా అని అడిగాడు. బరువులేం లేవండీ, మిషను పనంతే అంది. నిజం చెప్పాలంటే ఈ రెండేళ్లూ కొట్టింది ఆమె. ఆయన పిడికిలి చాచి నిలబడ్డాడు, ఆమె వెళ్లి దాన్ని కొట్టింది. రోజూ పొద్దున్నే, ఠప్, ఠప్, వీధి చివరిదాకా వినపడేలా. వీధిలో వాళ్లు గడియారం సరిచేసుకునేవాళ్లు ఆ చప్పుడికి. ఇంకా చేవ ఉందయ్యా నీ చేతుల్లో, అనేవాళ్లు ఆయనతో, ఆయన నవ్వుతూ ఆమె వైపు చూసేవాడు. ఆ నమ్మకంతోనే మేనేజరుతో పేచీ పెట్టుకున్నాడు. ఇక ఈ ఆటోవాళ్లు, బస్తాలవాళ్లు వద్దు, నన్ను ఎవరూ నమ్మడం లేదు, నిజమైనవాణ్ణి తీసుకురా, ఆ కుర్రాడున్నాడే, అందరూ చెప్పుకునే కుర్రాడు, వాణ్ణి తీసుకురా అన్నాడు. మేనేజరు వద్దన్నాడు. దొంగే గానీ ఆ ఒక్కసారి మంచిమాట చెప్పాడు, వద్దన్నాడు. ఈయన వినలేదు. ఎందుకు వింటాడు? ప్యాడు అబద్ధమాడదు కదా.

బల్బు ఇంకా ఎర్రగానే ఉంది. ఎదుటివాళ్ల ఫోనులో మళ్లీ గంట మోగింది, మొదటినుంచీ పెట్టినట్టున్నారు. నిన్న పోటీకి ముందు గదిలో ఆయన చేతులు చల్లగా ఉన్నాయి. ఆమె ప్యాడ్లు పట్టింది, నాలుగు దెబ్బలు వేడెక్కడానికి. భయపడుతున్నాడని తెలిసి జానెడూ ఇచ్చింది, పైన ఇంకొంచెం ఇచ్చింది. గది దద్దరిల్లింది. పక్క గదిలో ఆ కుర్రాడి మనుషుల మాటలు ఒక్క క్షణం ఆగాయి. విన్నార్రా అన్నట్టు ఆయన గోడ వైపు కన్నుకొట్టాడు. తర్వాత గంట మోగింది, దీపాల కింద ఆయన ఎడమ చెయ్యి మెరుపులా వెళ్లింది, నిజంగానే బాగా వెళ్లింది, వెళ్లి ఆ కుర్రాడి గడ్డం ముందు గాల్లో ఆగిపోయింది. జానెడు దూరంలో. ఎక్కడ ఆగాలో దానికి నేర్పింది ఆమె, నేర్పిన చోటే ఆగింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ ఆగింది. రింగు మూల దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆమె చెయ్యి, తువ్వాలు కింద, ప్రతి దెబ్బకీ తనంత తానే ముందుకి కదిలింది. రెండో రౌండయ్యేసరికి కుర్రాడికి అర్థమయిపోయింది, తల తిప్పడం కూడా మానేశాడు, నిలబడి చూసి, తాపీగా లోపలికొచ్చి కొట్టేవాడు. విరామంలో ఆయన స్టూలు మీద కూలబడి, కొలత కుదరడం లేదేమిటి ఇవాళ, అన్నాడు. ఆమె నీళ్ల సీసా పట్టుకుని పక్కనే ఉంది. ఒక్కమాట. జానెడు దగ్గరికెళ్లి కొట్టండి. అంతే, అది చాలు. అన్నం దగ్గర చెప్పే మాటంత తేలిక. కానీ అంటే ఆయన ఎందుకని అడుగుతాడు, నిమిషంలో గంట మోగుతుంది, ఆ ఎందుకుకి జవాబు నిమిషంలో పట్టదు. నీళ్లు పట్టింది. మొహం తుడిచింది. చూసుకుని కొట్టండి అంది. ప్రతి రౌండుకీ మధ్య ఒక నిమిషం దొరికింది ఆమెకి, ప్రతి నిమిషమూ నీళ్లు పట్టింది. ఆయన కన్ను మూసుకుపోతుంటే చూస్తూ నీళ్లు పట్టింది. పడలేదు ఆయన, చివరిదాకా నిలబడే ఉన్నాడు. పడినా బాగుండేది. నిలబడి, గాలిని కొడుతూ, నిండు హాలు నవ్వుతుంటే నిలబడ్డాడు.

ఇంటికెళ్లే దారిలో వాంతి అయింది ఆయనకి, అందుకే పొద్దున్నే ఇక్కడికి వచ్చారు. నిన్న రాత్రి ఇంకా కారులో ఉండగానే ఆమె ఫోను మోగింది. గురువుగారు. ఎక్కడో కూతురి ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూసినట్టున్నారు. ఎలా ఉన్నాడని అడగలేదు, అయ్యో అనలేదు. చాలాసేపు ఊపిరి వినిపించింది. ఆ తర్వాత, 'ఎన్ని వేళ్లమ్మా?' అన్నారు. ఆమె ఫోను పెట్టేసింది. ఎవరు, అన్నాడు ఆయన తల సీటుకి ఆనించి. మాస్టారు, దెబ్బలెలా ఉన్నాయని అడిగారు, అంది. ఎంత చక్కగా వచ్చిందో ఆ అబద్ధం, ఎక్కడా దారం కనపడకుండా. ఆయన అన్నాడు, ఒక్కరోజు కుదర్లేదంతే, మేనేజరు మళ్లీ పెట్టిస్తానంటున్నాడు, అదే కుర్రాడితో, జనం ఎగబడి వస్తారట, రేపు మధ్యాహ్నంలోగా చెప్పమన్నాడు, నువ్వు నాకు ఇంకో రెండు నెలలు ప్యాడ్లు పట్టు, వాడి సంగతి చూస్తాను. జనం ఎందుకు ఎగబడి వస్తారో ఆయనకి తెలియదా? నవ్వడానికి. ఈసారి పడతాడేమో చూడటానికి. ఆమె చీకట్లో ఆయన చెయ్యి పట్టుకుని నిమిరింది. సరేనండి అనలేదు, వద్దండి అనలేదు. చెయ్యి నిమరడం కూడా ప్యాడు పట్టడం లాంటిదే అని అప్పుడు తెలిసి, వదిలేసింది.

ఇదిగో బావా, ఇక్కడ ఆపు, ఇక్కడ చూడు, అంటున్నాడు ఎదుటి బావమరిది. వేలితో ఫోనుని నెమ్మది చేసి చూస్తున్నారు. చెయ్యి చూడు, తగలకముందే ఆపేస్తున్నాడు. ఒక్కసారి కాదు, ప్రతిసారీ అక్కడే ఆపుతున్నాడు. కావాలని కాకపోతే అంత కొలిచినట్టు ఎలా ఆగుతుంది? బావ కళ్లు చిట్లించి చూసి, అమ్ముడుపోయాడురా, అన్నాడు. అమ్ముడుపోవడమా? చిల్లర ఎక్కువిస్తే వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చొచ్చే మనిషి. కొలిచినట్టు ఆగిందన్నారు చూడు, అది మాత్రం నిజం, ఫోను పట్టుకున్న వెధవకి కూడా కనపడింది, కొలిచినట్టే ఆగింది, కొలిచింది నేను. లేచి చెప్పాలనుకుంది. ఏమని? ఆయన దొంగ కాడు బాబూ, దొంగని నేను, మొగుడి చేతిలోంచి జానెడు కత్తిరించి దాచుకున్నదాన్ని. ఎందుకు దాచుకున్నావమ్మా అంటే? ఆయన మొహం చిన్నబోకూడదని. ఇప్పుడు ఆ మొహం ఎలా ఉందో చూడండి, గుమ్మడికాయంత వాచి, ఒక కన్ను మూతపడి. ఆయన మీద జాలిపడి చేశాననుకునేది ఇన్నాళ్లూ. ఈ ఇనప కుర్చీలో కూర్చుంటే అది కూడా నిలవడం లేదు. ఆయన నవ్వు తనకి కావాలి. పొద్దున్నే ఆ విన్నావా తనకి కావాలి. ప్యాడ్లు లేకపోతే ఆయనకి తనతో ఏం పని, కొట్టులో కూర్చుని కోట్లు వదులు చేసే మనిషితో? ఈ మాట ఎప్పుడూ తనలో తాను కూడా అనుకోలేదు. అనుకున్నాక భయం వేసింది, ఆ తర్వాత ఆశ్చర్యంగా కాస్త ఊపిరాడింది.

బల్బు ఆరిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆయన గోడ పట్టుకుని వచ్చాడు, ఒక కన్నుతో వెతుక్కుని ఆమెని చూసి నవ్వబోయాడు, పెదవి చిట్లి ఉంది కాబట్టి సగంలో ఆపేశాడు. ఎదుటివాళ్లిద్దరూ గుర్తుపట్టారు. ఫోను జేబులోకి వెళ్లిపోయింది. పెద్ద డాక్టరు చూసి చెప్తాడట, అరగంట కూర్చోమన్నారు, అంటూ వచ్చి పక్కన కూర్చుంటే నాలుగు కుర్చీలూ ఊగాయి. వాచీ పెట్టుకుంటూ టైము చూశాడు. 'మేనేజరుకి ఫోను చెయ్యి. సరేనన్నానని చెప్పు.'

ఆమె సంచి జిప్పు తీసింది. ఫోను కోసం అనుకున్నాడాయన. ఆమె ప్యాడ్లు తీసి రెండు చేతులకీ తొడుక్కుంది, రెండో దాని పట్టీ పళ్లతో లాగి బిగించుకుంది. లేచి వరండా మధ్యలో, తుడిచిన నేల మీద, గురువుగారు నేర్పినట్టు కాళ్లు పెట్టి నిలబడింది. ఇదేమిటి, ఇక్కడా, అన్నాడు ఆయన, అటూ ఇటూ చూసి. ఒక్కటి కొట్టండి, మెల్లగా, తల కదపకండి, ఎడమ చెయ్యి ఒక్కటి, అంది. గొంతు ఎలా వచ్చిందో ఏమో, ఆయన ఇంకేం అడగలేదు. లేచాడు. ఇన్నేళ్ల అలవాటు, ప్యాడు కనపడితే కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి, దూరం ఆయనే చూసుకున్నాడు, రోజూ చూసుకునే దూరమే. భుజం కదిలింది. ఆ భుజం కదలడం ఆమెకి ఊపిరికన్నా బాగా తెలుసు. అది కదలగానే ఆమె చెయ్యి ముందుకి ఉరకబోయింది. పోనివ్వలేదు. మోచేతిని డొక్కకి నొక్కి పట్టుకుంది. ఆగు, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి ఆగు.

పిడికిలి వచ్చి గాల్లో ఆగింది. చప్పుడు లేదు. వరండా చివర నేల తుడిచేవాడి బాల్చీలో నీళ్లు కదిలిన చప్పుడు వినపడింది. కన్ను సరిగా కనపడటం లేదు, అన్నాడు ఆయన, ఇంకోటి వేస్తానుండు. ఇంకోటి వేశాడు. అదీ అక్కడే ఆగింది. ఆమె కదల్లేదు. నువ్వు కొంచెం, అనబోయి ఆయన మాట మింగేశాడు. చెయ్యి చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు. పిడికిలికీ ప్యాడుకీ మధ్య ఖాళీ వైపు ఒంటి కన్నుతో చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పిడికిలి విప్పి, కొట్టులో ఆమె గుడ్డ కొలిచినట్టు, చిటికెన వేలు ప్యాడుకి ఆనించి బొటనవేలు పిడికిలి ఆగిన చోటుకి చాచి కొలిచాడు. చెయ్యి సరిగ్గా సరిపోయింది అందులో.

'ఇంత దూరం నువ్వే వచ్చేదానివా?'

'అవునండి.'

'రోజూనా?'

తల ఊపింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, చేతులకి ప్యాడ్లున్నాయి, తుడుచుకోవడానికి లేదు. ఆయన చెయ్యి దించాడు. వెనక్కి నడిచి కుర్చీలో కూర్చున్నాడు, నేల వైపు చూస్తూ. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమె నిలబడే ఉంది. ఆమెతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు, 'నిన్న వాడు ఎదురు రాలేదు మరి,' అన్నాడు.

సంచిలో ఫోను మోగింది. మేనేజరు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది గానీ ఆ చేతులతో ఫోను తియ్యలేదు. ప్యాడ్లు ఆమెకై ఆమె ఎప్పుడూ విప్పుకోలేదు. రోజూ పొద్దున్న పని అయ్యాక ఆయన దగ్గరికొచ్చి ఒక్కో పట్టీ విప్పి, ఒక్కో చెయ్యీ బయటికి తీసి, వేళ్లు నొక్కి వదిలేవాడు, తర్వాతే స్నానానికి వెళ్లేవాడు. అది వాళ్లిద్దరి మధ్య ఎవరూ పెట్టని నియమం. ఫోను మోగి ఆగి మళ్లీ మోగింది. ఆయన ఆమె వైపు చూడకుండా చెయ్యి చాపి, కుడి ప్యాడు పట్టీ విప్పి లాగాడు. వేళ్లు నొక్కలేదు. 'నువ్వే చెప్పు,' అన్నాడు. 'ఇక లేదని చెప్పు.'

ఆమె ఫోను ఎత్తి చెప్పింది. మేనేజరు అవతల ఏదో అరుస్తూ ఉండగానే పెట్టేసింది. ఎదుటివాళ్లిద్దరూ నేల వైపు చూస్తున్నారు. ఆయన కళ్లు మూసుకుని తల గోడకి ఆనించాడు. ఎడమ చేతికి ప్యాడు అలాగే ఉంది. ఇప్పుడు కుడి చెయ్యి ఖాళీగానే ఉంది, తనే విప్పుకోవచ్చు. విప్పుకోలేదు. ఆ చెయ్యి ఒళ్లో, ఆయనకి అందే దూరంలో పెట్టుకుని, డాక్టరు పిలిచేదాకా కూర్చుంది.